సొంత చాకిరీకి కూలి వేశాకే లాభం లెక్క: కుటుంబ వ్యవసాయం మీద మీ ప్రశ్నలు

ఈ నెల వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు ఒకే చోట తిరుగుతున్నాయి, ఇంటిల్లిపాదీ కష్టపడుతున్నాం, పంట బాగానే వస్తోంది, మరి డబ్బు ఎక్కడికి పోతోంది అని. అందుకే ఈసారి కాలమ్ మొత్తం దీనికే ఇచ్చేశాను. కొన్నిటికి పెద్ద జవాబులు రాశాను, కొన్నిటికి రెండు ముక్కల్లోనే చెప్పాను.

ప్రశ్న: నమస్తే అండీ. మేం నలుగురం పొలంలోనే ఉంటాం, నేను, మా ఆయన, మా అత్తగారు, మా మరిది. కూరగాయలు వేస్తాం, ఆవులున్నాయి. కూలీల్ని పెద్దగా పెట్టం కాబట్టి అంతా లాభమే అంటారు మా ఆయన. కానీ ఏడాది చివర చూస్తే చేతిలో ఏమీ ఉండట్లేదు. కూరగాయల్లో బాగా మిగులుతోంది కాబట్టి ఆవులు తీసేద్దాం అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: అమ్మా, ఆవులు అమ్మే ముందు ఒక్క పని చెయ్యండి, ఒక నోట్‌బుక్ తీసుకుని కూరగాయలకి ఒక పేజీ, ఆవులకి ఒక పేజీ పెట్టండి, ఇంటి ఖర్చుకి ఇంకో పేజీ. ఈ మూడూ ఒకే జేబులోంచి నడుస్తున్నంత కాలం ఏది మిమ్మల్ని పోషిస్తోందో, ఏది మిమ్మల్ని తినేస్తోందో ఎవరికీ తెలీదు, మీ ఆయనకీ తెలీదు.

లెక్క ఎలా మారుతుందో చూపిస్తాను. అంకెలు ఉదాహరణకే, మీవి మీరు వేసుకోండి. కూరగాయల మీద 100 వచ్చింది, విత్తనాలు ఎరువులు మందులు రవాణా అన్నీ కలిపి చేతి నుంచి 60 పోయింది, అంటే 40 మిగిలింది. ఆవుల మీద కూడా 100 వచ్చింది, దాణా, డాక్టర్, మందులు కలిపి 65 పోయింది, మిగిలింది 35. ఇంతవరకే చూస్తే మీ ఆయన మాట కరెక్టే.

ఇప్పుడు జేబులోంచి పోనివి కూడా రాయండి. కూరగాయల దగ్గర పంపు, స్ప్రేయర్, డ్రిప్ పైపులు, ట్రాక్టర్ వాడకం ఇవన్నీ ఏటా కొంచెం కొంచెం అరుగుతాయి కదా, ఆ తరుగుదల 8 అనుకుందాం. ఆవుల పేడ ఎరువు ఊరికే వాడుకుంటున్నారు, బయట కొంటే 5 అయ్యేది. ఇక నలుగురూ కలిసి నారు పోయడం, కలుపు తియ్యడం, కొయ్యడం, గ్రేడింగ్, మార్కెట్‌కి వెళ్ళి రావడం, ఈ గంటలన్నిటికీ బయటివాళ్ళకి ఇచ్చే కూలి వేస్తే 35. మొత్తం ఖర్చు 108, అంటే 8 నష్టం. ఆవుల వైపు చూడండి, పాల డబ్బు 100, మీరు కూరగాయలకి ఇచ్చిన ఎరువు 5, పెరుగుతున్న పెయ్యల విలువ ఏడాదిలో 10 పెరిగింది, అంటే వచ్చింది 115. ఖర్చు 65, తరుగుదల 5, మీ కూలి 25, మొత్తం 95. మిగులు 20. చేతి డబ్బు ఒక్కటే చూసి ఆవుల్ని తీసేసి ఉంటే, మిగులుతున్నదాన్ని వదిలేసి నష్టపోతున్నదాన్ని ఉంచుకున్నట్టు అయ్యేది.

అలాగని కూరగాయలు రేపే మానెయ్యమని కాదు. ఆ నష్టం 8 అంటే అర్థం, మీరు 35 కూలి పని చేసి 27 తీసుకున్నారని. ఆ గంటలకి ఇంకో చోట పని లేకపోతే 27 కూడా ఆదాయమే, వదులుకోనక్కర్లేదు. కానీ మీ మరిదికి బయట మంచి పని దొరికే అవకాశం ఉండి, కూరగాయల కోసం ఆగిపోతుంటే మాత్రం ఆ 8 ఇంకా పెద్దదవుతుంది. కాబట్టి ఏ మడిలో ఏ కూరగాయకి ఎన్ని గంటలు పడుతున్నాయో ఒక్క సీజన్ రాసి చూడండి, అన్నీ నష్టంలో ఉండవు, ఒకటో రెండో మొత్తాన్ని కిందకి లాగుతుంటాయి. ఆవుల్లో కూడా అంతే, వట్టిపోయిన ఆవు పాలివ్వదు కానీ మేత తింటుంది, ఈతకీ ఈతకీ మధ్య గ్యాప్ పెరిగే కొద్దీ ఆ ఖర్చు పాలిచ్చే ఆవుల మీద పడుతుంది, అందుకని ఒక్కో ఆవుకి ఈనిన తేదీ, చూడి కట్టిన తేదీ తప్పకుండా రాయండి.

ఇంటి వాళ్ళ కూలిని లెక్కలో వేయడం నా సొంత ఐడియా కాదండీ. ఐర్లాండ్‌లో టీగాస్క్ అనే వ్యవసాయ సంస్థ చేసే రైతుల లెక్కల సర్వే ఒకటి 1972 నుంచి నడుస్తోంది. వాళ్ళ కొలతలో ఒక కుటుంబ వ్యవసాయం సొంతంగా నిలబడగలదు అనాలంటే ఇంటి వాళ్ళ శ్రమకి కనీస వేతనం ఇవ్వగలగాలి, భూమి కాకుండా మిగతా పెట్టుబడి మీద 5 శాతం రాబడి రావాలి. ఈ రెండూ రాకపోయినా భార్యాభర్తల్లో ఎవరికైనా బయట ఉద్యోగం ఉంటే దాన్ని వేరే గుంపులో పెడతారు, అదీ లేకపోతే ప్రమాదంలో ఉన్న వ్యవసాయం అంటారు. మీ ఇంటిని మీరే ఈ మూడింట్లో ఎక్కడుందో చూసుకోండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్ఏఓ) 2014 రిపోర్టు ప్రకారం ప్రపంచంలో ఉన్న సుమారు 57 కోట్ల వ్యవసాయ కమతాల్లో 50 కోట్లకి పైగా కుటుంబాలు నడిపేవే. అంటే మీ ఇంట్లో జరుగుతున్నదే కోట్ల ఇళ్ళలో జరుగుతోంది. ఇంటి మనుషులు జీతం అడగరు, ధర పడిపోయినా పని ఆపరు, అందుకే కంపెనీలు మూతపడే కాలంలో కూడా కుటుంబ వ్యవసాయం నెట్టుకొస్తుంది. నష్టాన్ని ఏళ్ళ తరబడి కనపడకుండా దాచేది కూడా ఆ జీతం లేని చాకిరీయే. ముఖ్యంగా మీలాంటి ఆడవాళ్ళ గంటలు ఏ పద్దులోనూ ఎక్కవు. ముందు అవి రాయండి.

ప్రశ్న: మా పక్క పొలం అమ్మకానికి వచ్చింది. పెద్దగా చేస్తేనే ఇక మీదట వ్యవసాయం నిలబడుతుంది అని అందరూ అంటున్నారు. బ్యాంకు లోన్ ఇస్తానంటోంది, పొలం రేటు ఎలాగూ పెరుగుతుంది కదా. కొనెయ్యమంటారా?

జవాబు: పొలం రేటు పెరుగుతుంది అన్న ధీమా మీద లోన్ తీసుకోవద్దు అన్నగారూ, ఇది గట్టిగా చెప్తున్నాను. 1970ల్లో అమెరికా రైతులు ఇదే మాట విన్నారు. ఎగుమతులు బాగున్నాయి, ధరలు బాగున్నాయి, భూమి రేటు ఏటా పెరుగుతోంది, బ్యాంకులు పిలిచి మరీ అప్పిచ్చాయి. 1979 నుంచి అక్కడి సెంట్రల్ బ్యాంకు ధరల పెరుగుదలని ఆపడానికి వడ్డీలు పెంచింది, 1980 డిసెంబర్‌లో బ్యాంకులు మంచి కస్టమర్లకి ఇచ్చే వడ్డీయే 21.5 శాతం అయింది. ఆ ఏడాది మొదట్లోనే సోవియట్ యూనియన్‌కి ధాన్యం అమ్మకం ఆపేశారు. పంట ధరలు పడ్డాయి, ఆ తర్వాత భూమి ధరలూ పడ్డాయి, అయోవా రాష్ట్రంలో 1981 నుంచి 1986 లోపు పొలం విలువ 60 శాతానికి పైగా పడిపోయింది. మంచి రైతులు, బాగా పండించే రైతులు కూడా పొలాలు పోగొట్టుకున్నారు, వాళ్ళ వ్యవసాయంలో లోపం లేదు, అప్పు లెక్కలోనే ఉంది. చివరికి కుటుంబ రైతుల కోసమే 1986లో దివాలా చట్టంలో ప్రత్యేకంగా ఒక అధ్యాయం చేర్చాల్సి వచ్చింది.

అందుకని బ్యాంకు ఎంత ఇస్తుంది అన్నది పక్కన పెట్టి, గత కొన్నేళ్ళలో మీకు బాగా దెబ్బ తగిలిన ఏడాది ఏదో గుర్తు తెచ్చుకోండి. ఆ ఏడాది వచ్చిన ఆదాయంతో ఇల్లు గడిచి, పాత వాయిదాలు కట్టి, ఈ కొత్త వాయిదా కూడా కట్టగలిగేవారా? కట్టగలను అంటే ముందుకెళ్ళండి. మంచి ఏడాది లెక్కతో అయితే వద్దు. పొలం విలువ కాగితం మీద ఎంతున్నా వాయిదా రోజున చేతిలో ఉండాల్సింది నగదు. ఆస్తి బోలెడుండి నగదు లేక కూలిపోయిన కుటుంబాలే ఎక్కువ. ఇంకో మాట, ఏడాదికి ఒకటో రెండో సార్లు డబ్బు వచ్చే పంటకి నెలనెలా వాయిదా పెట్టించుకోకండి, పంట అమ్మే నెలలకి సరిపోయేలా అడగండి.

పెద్దగా చెయ్యడం వల్ల లాభం లేదని కాదు, ఉంది, కానీ అది ఎక్కడి నుంచి వస్తుందో చూడాలి. మీ ట్రాక్టర్ ఏడాదిలో ఎక్కువ రోజులు ఖాళీగా నిలబడి ఉంటే ఇంకొంత పొలం చేరితే దాని తరుగుదల ఎక్కువ పంట మీద పంచుకుంటుంది, ఖర్చు తగ్గుతుంది. అదే పనికి కౌలుకి తీసుకున్నా సరిపోతుంది, కౌలు నచ్చకపోతే వదిలేయొచ్చు, అప్పుని అలా వదిలేయలేం. లేదా పొలం పెంచకుండానే మెషీన్ ఖర్చు తగ్గించుకోవచ్చు. జర్మనీలో 1958లో బవేరియా ప్రాంతంలో మెషీన్ రింగ్ అని మొదలుపెట్టారు, ఎవరి మెషీన్ వాళ్ళదే, కానీ ఖాళీగా ఉన్నప్పుడు మెషీనూ డ్రైవరూ కలిపి మిగతా సభ్యులకి పని చేసి పెడతాడు, గంటకి ఇంత అని ముందే రాసుకున్న రేటు, రింగ్ ఆఫీసు లెక్క చూస్తుంది. ఫ్రాన్స్‌లో ఇంకో పద్ధతి, 1945 నుంచి చట్టం కిందే యంత్రాల సహకార సంఘాలున్నాయి, మెషీన్ సంఘమే కొంటుంది, ఇవాళ అలాంటివి వేల సంఖ్యలో ఉన్నాయి. కోత రోజున అందరికీ ఒకేసారి కావాలి కదా, గొడవ రాదా అంటారు, వస్తుంది, అందుకే వరస ముందే రాసుకుంటారు, ఈ ఏడాది మొదట వచ్చినవాళ్ళు వచ్చే ఏడాది చివరకి వెళ్తారు.

ప్రశ్న: దళారులు లేకుండా నేరుగా కస్టమర్‌కి అమ్మితే రెట్టింపు వస్తుందంటున్నారు, నిజమేనా?

జవాబు: రేటు రెట్టింపు రావచ్చు, మిగులు రెట్టింపు రాదు. కడగడం, గ్రేడింగ్, ప్యాకింగ్, ఫోన్లు ఎత్తడం, డెలివరీ, డబ్బు వసూలు, అమ్ముడుపోనిది పారేయడం, ఇవన్నీ అప్పటిదాకా వ్యాపారి చేసినవే, ఇప్పుడు మీ నెత్తిన పడతాయి. ఇది రెండో బిజినెస్ కింద లెక్క, దీనికి ఇంకో పేజీ, దానికీ కూలి వెయ్యాలి. ఇంట్లో మనుషులతో మాట్లాడటం ఇష్టపడే వాళ్ళు ఒకరున్నారా? ఉంటేనే మొదలుపెట్టండి. పొలంలో నిజాయితీగా కష్టపడే మనిషి కస్టమర్‌తో మాట్లాడాల్సి వస్తే నలిగిపోవడం చూశాను, వాళ్ళని బలవంతపెట్టకండి.

చేసేటట్టయితే ముందే డబ్బు తీసుకునే పద్ధతి చూడండి. జపాన్‌లో 1970ల్లో టెయ్‌కెయ్ అనే పద్ధతిలో ఊళ్ళో కుటుంబాలూ రైతూ ఒప్పందం చేసుకుని సీజన్ పంట పంచుకునేవాళ్ళు, అమెరికాలో 1986లో ఇలాంటివి మొదలయ్యాయి, అక్కడ సభ్యులు సీజన్‌కి ముందే డబ్బు కట్టేస్తారు, వారం వారం ఏది పండితే అది తీసుకుంటారు. రైతుకి విత్తనం వేసే రోజున నగదు చేతికొస్తుంది, అప్పు అక్కర్లేదు, అసలు లాభం అదీ. కానీ వారానికి ఒకటే కూర వస్తే జనం మానేస్తారు కాబట్టి రకరకాలు పండించే నేర్పు కావాలి.

అందరూ విడివిడిగా అమ్మక్కర్లేదు కూడా. పాడిలో 1946లో గుజరాత్‌లో ఖేడా జిల్లా పాల సంఘం, క్రాన్‌బెర్రీ అనే పుల్లటి పండ్లలో 1930లో అమెరికాలో ముగ్గురు రైతులు కలిసి మొదలుపెట్టిన ఓషన్ స్ప్రే, ఇవి పనిచేసింది అందరి సరుకూ ఒక దగ్గర చేరడం వల్ల మాత్రమే కాదు. ప్రాసెసింగ్ ప్లాంట్ రైతులదే అయింది, ధర ఎలా కడతారో ముందే తెలిసింది, పాలలో అయితే వెన్న శాతం కొలిచి దాన్నిబట్టి డబ్బు. తూకం మీదా టెస్టు మీదా నమ్మకం లేని సంఘం నిలబడదు, చేరే ముందు అదే అడగండి.

ప్రశ్న: సబ్సిడీలు రేపు ఆపేస్తే చిన్న రైతులం మిగులుతామా?

జవాబు: న్యూజిలాండ్‌లో ఇది నిజంగా జరిగింది. 1984లో కొత్త ప్రభుత్వం వచ్చి ధరల మద్దతు, ఎరువుల సాయం, చౌక అప్పులు అన్నీ కొద్ది కాలంలోనే తీసేసింది. అప్పటికి గొర్రెల సంఖ్యని బట్టి డబ్బు వచ్చేది కాబట్టి దేశంలో దాదాపు 7 కోట్ల గొర్రెలుండేవి. పదిలో ఒకరు వ్యవసాయం వదిలేస్తారని భయపడ్డారు, చివరికి బలవంతంగా బయటికి పోయింది నూటికి ఒకరు. ఆ ఏళ్ళు తేలిగ్గా గడిచాయని అనుకోవద్దు, భూమి ధర పడిపోయింది, వడ్డీలు పెరిగాయి, బ్యాంకులు కొన్ని అప్పుల్ని తగ్గించి రాయాల్సి వచ్చింది, ఇళ్ళల్లో చాలా మంది బయట ఉద్యోగాలకి వెళ్ళారు. నిలబడ్డవాళ్ళు ఏం చేశారంటే మందని తగ్గించి ఒక్కో జీవం మీద రాబడి పెంచారు. ఇప్పుడు అక్కడ గొర్రెలు 3 కోట్ల లోపే, కానీ ఒక్కో గొర్రెపిల్ల నుంచి వచ్చే మాంసం 13-14 కిలోల నుంచి 18 కిలోల పైకి వెళ్ళింది. పనికిరాని వాలు భూముల్లో మేపడం ఆపారు, కొందరు పాడికి, కొందరు చెట్లకి, ద్రాక్షకి మారారు.

మీరు చెయ్యాల్సింది, మీ పేజీల్లో సబ్సిడీ డబ్బుని పంట ఆదాయంతో కలపకుండా వేరే వరసలో రాయడం. అది తీసేస్తే ఏ పంట నష్టంలోకి పోతుందో ఇవాళే తెలుస్తుంది, మారడానికి టైమ్ ఉంటుంది.

ప్రశ్న: పాలు పితికే రోబో కొనాలని ఉంది, వర్త్ అంటారా?

జవాబు: 1992లో నెదర్లాండ్స్‌లో మొదటిసారి రైతుల దగ్గరికి వచ్చింది, ఒక రోబో సుమారుగా 60-70 ఆవుల్ని చూసుకుంటుంది. మీకు 30 ఉంటే సగం ఖాళీ, 90 ఉంటే రెండోది సగం ఖాళీ, కాబట్టి ముందు ఆ లెక్క. రెండోది, అది మిగిల్చే గంటలు ఎవరివి, ఆ గంటల్లో వాళ్ళేం చేస్తారు? జీతగాడిని తగ్గిస్తుంటే డబ్బు కనపడుతుంది. మీ నాన్నగారి మోకాళ్ళు కాపాడుకోవడానికి అయితే అదీ మంచి కారణమే, కాకపోతే దాన్ని లాభం అని రాయకుండా, ఇంటి మనిషి ఆరోగ్యం కోసం పెడుతున్న ఖర్చు అని ఒప్పుకుని కొనండి.

ప్రశ్న: నా వయసు 29. చదువు అయ్యాక తిరిగొచ్చి నాన్నతో వ్యవసాయం చేస్తున్నా. జీతం లేదు, కావాలంటే అడిగి తీసుకో అంటారు. ఏం వెయ్యాలి, ఎక్కడ అమ్మాలి అన్నీ ఆయనే. అక్క వేరే ఊళ్ళో ఉద్యోగం, ఆస్తిలో ఆమెకీ భాగం ఉంది, అది న్యాయమే. నా భార్య మాత్రం ఇలా ఎన్నాళ్ళు అని అడుగుతోంది. నాన్నతో ఎలా మాట్లాడాలి?

జవాబు: తమ్ముడూ, మీ భార్య అడిగేది సరైన ప్రశ్న, ఆమెని కూడా కూర్చోబెట్టే మాట్లాడండి. కుటుంబ వ్యవసాయాలు చీడపీడలతోనే దెబ్బతినవు, ఈ ఒక్క మాట ఏళ్ళ తరబడి ఎవరూ ఎత్తకపోవడం వల్లా విడిపోతాయి. అడిగి తీసుకో అన్న దగ్గర మీకు ఎంత వస్తోందో తెలీదు, ఆయన ఎంత ఇస్తున్నారో ఆయనకీ తెలీదు. అక్క దృష్టిలో నాన్న ఖర్చుతో నువ్వు బతికావు, నీ దృష్టిలో జీతం లేకుండా ఇన్నాళ్ళు చేశావు, ఇద్దరూ నిజమే చెప్తుంటారు, రాసి లేదు కాబట్టి తేలదు.

మొదటి అడుగు జీతం. చిన్నదైనా సరే, ప్రతి నెలా ఒకే తేదీన, మీ ఖాతాలో. వ్యవసాయం ఆ జీతం ఇవ్వలేకపోతే అది రెండు కుటుంబాలని పోషించలేదని ఇప్పుడే తెలియడం మంచిది, అప్పుడు మీలో ఒకరు బయట పని చూసుకోవచ్చు, అందులో చిన్నతనం ఏమీ లేదు. అమెరికాలో రైతు కుటుంబాల్ని వరసలో పెట్టి నడిమధ్య కుటుంబాన్ని చూస్తే చాలా ఏళ్ళు వ్యవసాయం మీద వచ్చింది నష్టమే, ఇల్లు నడిచేది బయటి ఉద్యోగాల మీదే.

రెండోది, ఒక భాగం పూర్తిగా మీకు అప్పజెప్పమనండి, ఒక మడో, ఆవులో, అమ్మకాలో, ఏదైనా ఒకటి, లాభం నష్టం రెండూ మీ పేరునే. మొత్తం పగ్గాలు ఇమ్మంటే ఏ నాన్నా ఇవ్వరు, ఆయన జీవితం అందులో ఉంది, అది గుర్తుపెట్టుకోండి. న్యూజిలాండ్ పాడిలో దీనికి చక్కటి దారి ఉంది, షేర్‌మిల్కింగ్ అంటారు. భూమి పెద్దవాళ్ళది, ఆవులు కుర్రవాళ్ళవి, మామూలుగా పాల డబ్బు చెరి సగం, ఎవరి ఖర్చులు ఎవరివో ముందే రాసుకుంటారు. కుర్రవాళ్ళు మందని పెంచుకుంటూ సొంత ఆస్తి కూడబెడతారు, భూమి కొనే స్థోమత లేకపోయినా మొదలుపెట్టగలుగుతారు. ఫ్రాన్స్‌లో 1962 నుంచి కుటుంబ సభ్యులు ఉమ్మడి వ్యవసాయ సంఘంగా రిజిస్టర్ అయ్యే చట్టం ఉంది, అక్కడ కొడుకు కూడా నాన్న కింద పనివాడు కాదు, భాగస్వామి. మీ దగ్గర ఏ పద్ధతి కుదురుతుందో చట్టం తెలిసినవాళ్ళని అడిగి కాగితం రాయించుకోండి.

ఆ కాగితంలో అక్క మాట తప్పకుండా ఉండాలి. ఆమె భూమిలో తన భాగం ఉంచుకుని మీ నుంచి కౌలు డబ్బు తీసుకుంటుందా, లేక ఏళ్ళ మీద వాయిదాల్లో మీరు కొనుక్కుంటారా, కొంటే రేటు ఎలా కడతారు అన్నది ఇప్పుడు అందరూ ప్రేమగా ఉన్నప్పుడే తేల్చుకోవాలి. అమ్మానాన్నలకి వయసైపోయాక నెలకి ఎంత వస్తుంది, ఏ ఇంట్లో ఉంటారు అన్నది కూడా అందులోనే రాయండి, చాలామంది నాన్నలు పగ్గాలు వదలకపోవడానికి అసలు కారణం ఆ భయమే, పైకి చెప్పరు. మీ నాన్నతో మాట అక్కడి నుంచే మొదలుపెట్టండి, నా వాటా ఎంత అని కాకుండా, నీకూ అమ్మకీ నెలకి ఎంత కావాలి నాన్నా అని అడగండి. పంట అమ్మి డబ్బు చేతికొచ్చిన వారంలో అడగండి, నాట్ల మధ్యలో వద్దు.